పగటినిద్రకు కాపలా

మా కోడలు క్రేను నడుపుతుంది. ఓడల మీది నుంచి లారీలంత ఇనప పెట్టెలను ఎత్తి ఒడ్డున పెట్టే క్రేను. ఆమె కూర్చునే గది ఎంత ఎత్తున ఉంటుందంటే, కింద నిలబడి చూస్తే నా మెడ పట్టేసింది. రాత్రంతా అక్కడ పని చేసి, పొద్దున ఇంటికొచ్చి పడుకుంటుంది. లోకమంతా లేచి పళ్ళు తోముకునే వేళకు పక్క మీద వాలే మనిషికి నిద్ర పట్టడమంటే మాటలు కాదు.

ఒక పొద్దున ఆమె చెప్పులు కూడా విప్పకుండా వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అత్తయ్యా, రాత్రి కునుకు పట్టింది," అంది.

"మంచిదేగా," అన్నాను టీ వడకడుతూ. నిద్ర రావట్లేదని కొన్నాళ్ళుగా వింటున్నాను కాబట్టి అలా అన్నాను.

"ఇంట్లో కాదు. పైన, క్రేనులో. పెట్టె గాల్లో ఉండగా."

గ్లాసు పక్కన పెట్టేశాను. రెప్ప పడి లేచేంతలో ఆ పెట్టె వెళ్ళి లారీ అంచుకు రాసుకుందట. డ్రైవరు అప్పటికే దిగి దూరంగా నిలబడి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. వెంటనే ఆమెను దింపి రేవు డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడ ఒక ఎర్రదీపం ఉంటుంది. అది వెలగగానే మీట నొక్కాలి. మా కోడలు నొక్కింది గాని, ఆలస్యంగా నొక్కింది. వచ్చే వారం మళ్ళీ పరీక్ష పెడతామన్నారు. అందాకా క్రేను ఎక్కకుండా రాత్రిళ్ళు కిందే ఉండి కొక్కేలు తగిలించమన్నారు. పరీక్షలో రెండోసారీ తప్పితే ఇక ఎప్పటికీ కిందే.

మొదట్లో ఆ కొక్కేల పనిలోనే ఆమె చేరింది. ఎండలో, వానలో కొక్కేలు తగిలిస్తూ, తల పైకెత్తి ఆ గదిని చూసుకుంటూ, పైవాళ్ళు వద్దన్నా వినకుండా నేర్చుకుని నేర్చుకుని ఆ నిచ్చెన ఎక్కింది. ఎక్కిన రోజు ఇంటికొచ్చి, "అత్తయ్యా, అక్కణ్ణించి సముద్రం చివర దాకా కనిపిస్తుంది," అని చెప్పినప్పటి ముఖం నాకు ఇంకా గుర్తే. ఆ పిల్ల మళ్ళీ కింద నిలబడి పైకి చూడడం నేను ఊహించలేకపోయాను.

"నీకు కావలసింది నిద్రేగా. అది పట్టించే పూచీ నాది," అన్నాను.

"నిద్రేమన్నా దొంగా, మీరు పట్టించడానికి," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. వెళ్ళి పడుకుంది. పడుకుందే గాని నిద్రపోలేదు.

నేను బట్టలు కుట్టేదాన్ని. కొలత తీసుకోకుండా కత్తెర పెట్టడం నాకు చేతకాదు. అందుకని మర్నాడు పొద్దున ఆమె స్నానానికి వెళ్ళగానే, ఆమె మంచం మీద ఆమె పడుకున్నట్టే పడుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసినా వెలుగే. కిటికీ తెర పక్కసందులోంచి ఒక ఎండ చార వచ్చి సరిగ్గా దిండు మీదే పడుతోంది. మాది పై అంతస్తు కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి కప్పు సెగ కక్కుతోంది. కింద మోటారు సైకిళ్ళ మెకానిక్కు ఒక బండిని పట్టుకుని గొంతు పిసికినట్టు అరిపిస్తున్నాడు. ఇక ఆ దిండు సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని కింద నేను తల పెట్టినా తేడా ఉండేది కాదు. ఇంతకాలం ఈ పిల్ల ఇందులో ఎలా పడుకుందా అని నాకు నా మీదే ఒళ్ళు మండింది.

ముందు కిటికీ పని పట్టాను. నల్ల లైనింగు గుడ్డ, కోటు గుడ్డ, డేరా గుడ్డ మూడూ కలిపి ఒకే తెరగా కుట్టాను. సూది విరిగింది. ఇంకోటి పెట్టి కుట్టాను. గోడ మీదికి అంచులు వచ్చేలా పెద్దది కుట్టి చుట్టూ మేకులు కొట్టించాను. సాయంత్రం మా వాడు పని నుంచి వచ్చి గదిలోకి వెళ్ళాడు. దబ్బుమని చప్పుడు, ఆ తర్వాత మూలుగు.

"అమ్మా, ఇది పడకగదా, ఫొటోలు కడిగే గదా?" అని అరిచాడు లోపలి నుంచి.

"నీ మోకాలి కన్నా దాని నిద్ర ముఖ్యం. మూలగడం అయిపోతే మేడ మీదికి రా, పని ఉంది."

మా వాడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఊళ్ళో వాళ్ళందరినీ పైకీ కిందికీ తిప్పే మా వాడికి సొంత మేడకు లిఫ్టు లేదు. తెల్లరంగు డబ్బాలు, గోనెపట్టాలు, నీళ్ళ బకెట్లు అన్నీ మెట్ల మీదుగా మోయించాను. సెగ తగ్గాలని మేడ పైకప్పంతా తెల్లరంగు పూశాం. పొద్దున్నే గోనెపట్టాలు పరిచి తడపడం నా పని. కొత్త దిండు కూడా నేనే కుట్టాను, మెత్తని దూది పెట్టి.

మెకానిక్కు దగ్గరే పని అంత తేలిగ్గా తెమల్లేదు.

"బాబూ, పొద్దుటిపూట ఈ బళ్ళను అరిపించకుండా బాగుచెయ్యలేవా?" అని అడిగాను.

"అరవకపోతే దాని రోగం ఎట్లా తెలుస్తుంది పెద్దమ్మా? నాడి చూడాలిగా."

"నాడి మధ్యాహ్నం దాటాక చూసుకో. పొద్దున చక్రాలు, బ్రేకులు చూసుకో. అవి అరవవుగా."

"ఎవరి తొందర వాళ్ళది. బండి తెచ్చినవాళ్ళు ఆగుతారా?"

అక్కడ పడున్న పాత టైరు మీద కూర్చుని సంచిలోంచి చేతికుట్టు పని తీశాను. అతను బండి తాళం మీద చెయ్యి వేసినప్పుడల్లా కళ్ళజోడు మీదుగా చూశాను. తిట్టలేదు, బతిమాలలేదు. చూశానంతే. మర్నాడు కూడా పనీ టీ ఫ్లాస్కూ తీసుకుని అదే టైరు మీద కూర్చునేసరికి అతను రెండు చేతులూ జోడించాడు.

"అట్లా చూడకు పెద్దమ్మా, చేతిలో పానాలు జారిపోతున్నాయి. పొద్దుటిపూట ఇంజను ముట్టనులే. క్రేనక్క నిద్ర కోసమట, ముందే చెప్పుంటే సరిపోయేదిగా."

సీటు కవర్లు కుట్టిపెడతానని మాటిచ్చి పైకి వచ్చాను. గెలిచిన మనిషిలా మెట్లెక్కాను. ఒప్పుకోవడానికి సిగ్గేముంది, నాకు చాలా గర్వంగా ఉంది.

అయినా మా కోడలి కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. గది చీకటిగా ఉంది, చల్లగా ఉంది, వీధి నోరు మూసుకుంది. ఇంకేం మిగిలింది అని ఇల్లంతా కలయజూశాను. ముందు గదిలో నా మిషను కనిపించింది. నా పెళ్ళినాటి తొక్కుడు మిషను. గడగడా గడగడా అని పక్కింటిదాకా వినిపిస్తుంది. ఊరందరి నోళ్ళూ మూయించి నా మిషనును మాత్రం వదిలేశానే అని నాలుక కరుచుకున్నాను. బడులు తెరిచే రోజులు కావడంతో కత్తిరించిన యూనిఫారాల గుడ్డ గుట్టగా పడి ఉంది. పిల్లల తల్లులు వచ్చి తొందర పెడుతున్నారు. వాళ్ళకేదో చెప్పి పంపేసి, మిషను మీద దుప్పటి కప్పేశాను.

మిషను ఆగాక ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. చెయ్యడానికి పని లేదు. ఇక నా పనల్లా కాపలా కాయడమే. చెప్పులు లేకుండా, మునివేళ్ళ మీద నడిచేదాన్ని. కుట్టు ఆపి వెళ్ళి తలుపు సందు చేసి చూసే అలవాటు ముందు నుంచే ఉంది, ఇప్పుడు మరీ ఉండుండి చూసేదాన్ని. మా కోడలు కదలకుండా పడుకుని ఉండేది. దగ్గరికి వెళ్ళి వంగేదాన్ని. ఊపిరి తెలిసేది కాదు. ఇంకా వంగి ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. కాసేపటికి వెచ్చగా గాలి తగిలేది. అప్పుడు బతుకు జీవుడా అని బయటికి వచ్చేదాన్ని. మళ్ళీ కాసేపటికి కాళ్ళు అటే లాగేవి.

పరీక్షకు ముందు రోజు కూడా అలాగే తలుపు తీశాను. మా కోడలు మంచం మీద లేచి కూర్చుని తలుపు వైపే చూస్తోంది.

నా ఓపిక అయిపోయింది. "పడుకోలేదేం? ఇంకా ఏం చెయ్యమంటావు నన్ను? సూర్యుణ్ణి కూడా ఆపమంటావా? రేపే కదా పరీక్ష," అన్నాను.

"మీ కోసమే చూస్తున్నా, అత్తయ్యా."

"నా కోసమా? నేనేం చేశాను?"

ఆమె దుప్పటి అంచు మడతపెట్టుకుంటూ కూర్చుంది. చెప్పడానికి ఎంత ఇబ్బంది పడుతోందో తెలుస్తూనే ఉంది.

"మీరు కోప్పడకూడదు. మిషను నడుస్తున్నంతసేపూ మీరు కుర్చీలో ఉన్నారని నాకు తెలుస్తుంది. అది ఆగిందంటే లేచారని. ఇక నా చెవులు తలుపు దగ్గరే ఉంటాయి. మధ్యలో నేల మీది ఆ పగిలిన పలక టక్కుమంటుంది. తర్వాత తలుపు. వెలుగు పడుతుంది. మెలకువగా ఉన్నానని తెలిస్తే బాధపడతారని ఊపిరి బిగబట్టి పడుకుంటాను. అప్పుడు మీరు ఇంకా దగ్గరికి వస్తారు. ముక్కు దగ్గర మిషను నూనె వాసన వస్తుంది. ఎంతసేపు బిగబట్టగలను అత్తయ్యా? వదలగానే వెళ్ళిపోతారు. మళ్ళీ ఎప్పుడొస్తారా అని వింటూ పడుకుంటాను. ముందు మిషను కుట్టేటప్పుడన్నా మధ్యమధ్యలో కాస్త కన్ను మూతపడేది. ఇప్పుడు అదీ లేదు."

ఊపిరి ఉందో లేదో అని నేను వంగడం, నేను వంగానని ఆమె ఊపిరి బిగబట్టడం, ఊపిరి తెలియట్లేదని నేను ఇంకా వంగడం. మూడు పొరల తెర కట్టి, ఉండుండి తలుపు తీసి మళ్ళీ వెలుగు తెచ్చింది నేనే.

మామూలుగా అయితే నేను ఎదురు మాట్లాడేదాన్నే. నాకు నోరు లేదని ఎవరూ అనరు. కాని అప్పుడు మంచం అంచున కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి నోట్లోంచి వచ్చేసింది.

"మీ మామయ్య కూడా రాత్రి పనే చేసేవాడు. గాజు కొలిమి దగ్గర. పగలు పడుకునేవాడు. ఒకరోజు చాలా బాగా నిద్రపడుతోంది ఈయనకు అనుకున్నాను. వీధిలో పిల్లలు అరుస్తుంటే వెళ్ళి కసిరి వచ్చాను కూడా. మధ్యాహ్నం దాకా ఇదే మిషను మీద కుట్టుకుంటూ కూర్చున్నాను. భోజనానికి లేపబోతే ఒళ్ళు చల్లగా ఉంది. ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. పక్కగదిలోనే ఉన్నాను, తెలియలేదు."

మా కోడలు దగ్గరికి జరిగింది. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ చెయ్యి నూనె వాసన నాకూ వచ్చింది.

"మీరు చూసినా చూడకపోయినా నా ఊపిరి నేనే పీల్చుకోవాలిగా, అత్తయ్యా. ఒక్క రేపటికి నాకు వదిలెయ్యండి. మీరు కుర్చీలో కూర్చోండి చాలు," అంది.

"కూర్చుంటాను," అన్నాను.

"లేవకూడదు."

"లేవనని చెప్తున్నాగా."

మర్నాడు పొద్దున ఆమె వచ్చింది, తిన్నది, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సాయంత్రం పరీక్ష. మా వాడు పనికి వెళ్ళిపోయాడు. నేను మిషను మీది దుప్పటి తీసి, యూనిఫారాల గుడ్డ పక్కన పెట్టుకుని తొక్కడం మొదలుపెట్టాను.

మొదట్లో హాయిగానే ఉంది. చేతులకు ఇన్నాళ్ళ ఆకలి తీరింది. చొక్కా తర్వాత చొక్కా కుట్టి పక్కకు పడేశాను. ఆ తర్వాత మొదలైంది నా అవస్థ. కాళ్ళు తొక్కుతున్నాయి గాని మనసంతా తలుపు అవతలే ఉంది. ఒక్కసారి చూసొస్తే ఏమవుతుంది అంటుంది. పలక మీద కాలు పెట్టకుండా గోడ వారన వెళ్ళవచ్చుగా అంటుంది. అన్నిటికన్నా నన్ను కాల్చుకు తిన్నది ఆ చప్పుడు. ఆ రోజు ఆయన పోయినప్పుడు కూడా ఇంట్లో ఇదే చప్పుడు, ఇదే గడగడా. అదే చప్పుడు చేస్తూ, తలుపు వైపు చూడకుండా కూర్చోమంటోంది ఈ పిల్ల. కళ్ళలో నీళ్ళు తిరిగి కుట్టు వంకర పోయింది. విప్పి కుట్టాలంటే మిషను ఆపాలి. ఎవరి బిడ్డ చొక్కానో గాని వంకరగానే ఉండనీ అనుకున్నాను.

కత్తిరించిన గుడ్డ అయిపోయింది. కొత్తది కత్తిరించాలంటే లేచి బల్ల దగ్గరికి వెళ్ళాలి. మిషను ఆగుతుంది. తెర కుట్టగా మిగిలిన నల్లగుడ్డ ఒకటి కాళ్ళ దగ్గర పడి ఉంటే వంగి లాగాను, ఒక కాలితో తొక్కుతూనే. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు కుట్టుకుంటూ పోయాను. అది చొక్కా కాదు, సంచీ కాదు, ఏమీ కాదు.

తర్వాత దారం అయిపోయింది. రీలు ఖాళీగా గిర్రున తిరిగింది. మిగతా రీళ్ళన్నీ ఉన్న డబ్బా ఎక్కడుందో తెలుసా? మా కోడలి గదిలో, బీరువాలో. ఇన్నేళ్ళుగా అక్కడే పెడుతున్నాను. ఇంతకన్నా మంచి సాకు ఏం దొరుకుతుంది? లేచి వెళ్ళి తలుపు తీసి, డబ్బా కోసం వచ్చానని చెప్పి, పనిలో పనిగా చూసి రావచ్చు.

నేను లేవలేదు. ఉత్త సూదితోనే తొక్కాను. పిక్క పట్టేసింది. కాలు మార్చి తొక్కాను. నడుము ఇక లాభం లేదంది. నోరు మూసుకోమన్నాను. బతికే ఉంది, నిద్రపోతోంది, బతికే ఉంది, నిద్రపోతోంది అనుకుంటూ తొక్కాను. చెప్పుకోవడానికి ధైర్యంలా ఉంది గాని, నాకు చచ్చేంత భయం వేసింది.

ఎండ మిషను మీది నుంచి జారి నేల మీదికి పోయింది. మెకానిక్కు ఇంజన్లు అరిపించడం మొదలుపెట్టాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది.

మా కోడలు నిలబడి ఉంది. ఒక చెంప మీద దిండు ముడతలు అచ్చుపడి ఉన్నాయి. జుట్టంతా రేగిపోయింది. కళ్ళు తెల్లగా ఉన్నాయి. నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి.

"ఎంత బాగా పట్టిందో, అత్తయ్యా," అంది ఆవులిస్తూ. "లేచి చాలాసేపయింది. మీరు కుట్టుకుంటున్నారుగా, అర్జెంటు పనేమో, బయటికి వస్తే ఆపేస్తారేమోనని పడుకునే ఉన్నా. మిషను ఎంతకీ ఆగదే."

ఆ చాలాసేపూ నేను ఏ పిక్కలతో తొక్కానో నాకు తెలుసు. నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

ఆమె దగ్గరికి వచ్చి మిషను మీది నల్లగుడ్డ తీసింది. ఏం కుట్టానో చూద్దామని కాబోలు, కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. పైన కొద్దిగా కుట్టు ఉంది. అక్కణ్ణించి కింది దాకా అన్నీ సూది బెజ్జాలే, వరసలు వరసలుగా. వాటిలోంచి వెలుతురు ఆమె ముఖం మీద పడింది. ఖాళీ రీలు చూసింది. నా కాళ్ళ వైపు చూసింది. గుడ్డను నాలుగు మడతలు పెట్టి తన సంచిలో పెట్టుకుని స్నానానికి వెళ్ళిపోయింది. తలుపు అవతల నీళ్ళ చప్పుడు కన్నా ముందు ఇంకో చప్పుడు వినిపించింది. ఏడ్చింది పిచ్చిపిల్ల.

మర్నాడు పొద్దున మెట్ల మీద అడుగులు వినగానే సంగతి తెలిసిపోయింది. పరీక్ష పోయిన మనిషి మెట్లు అలా ఎక్కదు.

"దీపం వెలగకముందే నొక్కుతున్నావేమిటమ్మా అన్నాడు డాక్టరు," అంది రొప్పుతూ. "రాత్రంతా పైనే ఉన్నా అత్తయ్యా. తెల్లవారుతుంటే సముద్రం చివర దాకా కనిపించింది."

"ఆ గుడ్డ ఏం చేశావు?"

"పైన నా కుర్చీ వీపుకు కట్టుకున్నాను."

తిన్నది. చెయ్యి కడుక్కుంది. గదిలోకి వెళ్ళి, పడుకోకుండా మళ్ళీ బయటికి వచ్చింది. చేతిలో రీళ్ళ డబ్బా ఉంది. దాన్ని నా మిషను పక్కన, చెయ్యి చాపితే అందేచోట పెట్టింది. అందులోంచి ఒక నిండు రీలు తీసి మిషను మీద గుచ్చి, కళ్ళు చికిలించి, తనే సూదిలోకి దారం ఎక్కించింది.

"ఇవాళ దారంతో కుట్టండి, అత్తయ్యా," అని చెప్పి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.